ఆస్తమా మందు డోసు మించిందా? గుర్తుపట్టడం ఎలా, వెంటనే ఏం చేయాలి

ఆస్తమా మందుల ఓవర్‌డోసుతో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, ఆయాసం ముదిరిన మనిషి, మందు ఎక్కువైన మనిషి, ఊరికే హడలిపోయిన మనిషి ముగ్గురూ పైకి ఒకేలా కనిపిస్తారు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఊపిరి గబగబా ఆడుతుంది. కాబట్టి ముందు లక్షణాన్ని పట్టుకుని ఇది ఫలానా అని తేల్చేయడం కుదరదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది తెలిశాకే ఆ లక్షణానికి అర్థం వస్తుంది. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది, ఒక్క మొదటి భాగం తప్ప.

అన్నిటికంటే ముందు: ఇవి ఉంటే చదవడం ఆపి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి

- ఫిట్స్ వచ్చాయి. ఒక్కసారే వచ్చి ఆగిపోయినా సరే.
- మనిషి స్పృహ తప్పాడు, లేదా పిలిస్తే సరిగ్గా పలకడం లేదు, మాటకూ మాటకూ పొంతన లేదు.
- ఛాతీలో నొప్పి, లేదా నాడి లయ తప్పి కొట్టుకోవడం, నిలబడితే కళ్ళు బైర్లు కమ్మి పడిపోవడం.
- వాంతులు ఆగకుండా మళ్ళీ మళ్ళీ అవుతున్నాయి.
- ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం. ఇది మందు వల్ల కాకపోవచ్చు, ఆస్తమాయే కావచ్చు, కానీ పరుగు పెట్టాల్సింది మాత్రం ఆసుపత్రికే.

మనిషి బాగానే కనిపిస్తున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు మూడు: చిన్నపిల్లలు మాత్రలు గానీ సిరప్ గానీ మింగేసినప్పుడు, థియోఫిలిన్ అనే ఆస్తమా మాత్రలు లెక్కకు మించి మింగినప్పుడు, ఎవరైనా కావాలనే మింగినప్పుడు. ఈ మూడింట్లో "కాసేపు చూద్దాం" అన్న మాటే ప్రమాదం.

మెట్టు 1: ఏ మందు, ఎంత, ఎప్పుడు

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, సీసాలు, ఇన్‌హేలర్లు అన్నీ ఒక్కచోట పోయండి, చెత్తబుట్టలో ఉన్న ఖాళీ స్ట్రిప్పు కూడా. మాత్రల చోట ఎన్ని గుంటలు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టండి. మొదటి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, చివరిది ఎప్పుడు అన్నది గడియారం టైముతో ఒక కాగితం మీద రాయండి, ఎందుకంటే టెన్షన్‌లో చెప్పే "ఇందాక" అనే మాట డాక్టరుకు ఎందుకూ పనికిరాదు.

స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ లాంటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే ఆ మాత్ర లోపల గంటల తరబడి నెమ్మదిగా కరుగుతుంది. అంటే ఇప్పుడు మనిషి నవ్వుతూ కూర్చున్నా అసలు విషలక్షణాలు అర్ధరాత్రికో తెల్లారో బయటపడొచ్చు. ఓవర్‌డోసులో మనల్ని మోసం చేసేది ఎక్కువగా ఈ అక్షరాలే.

తర్వాత డబుల్ అయిందేమో చూడాలి. ఆస్తమా ఇన్‌హేలర్లలో వాడే సాల్బుటమాల్, అల్బుటెరాల్ రెండూ ఒకటే మందు, దేశాన్ని బట్టి పేరు మారుతుంది అంతే. కొన్ని దగ్గు సిరప్పుల్లో సాల్బుటమాల్ గానీ, దాని అన్నదమ్ముల్లాంటి టెర్బుటలిన్ గానీ కలిపే ఉంటాయి. ఇన్‌హేలర్ వాడుతూ, నెబ్యులైజర్ పెట్టుకుంటూ, పైగా దగ్గుకని ఆ సిరప్ తాగితే మనిషి దృష్టిలో మూడు వేర్వేరు మందులు, ఒంటి దృష్టిలో ఒకే మందు మూడుసార్లు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవడం తప్ప దీనికి వేరే దారి లేదు.

మెట్టు 2: సాల్బుటమాల్ లాంటి రిలీవర్లయితే

రిలీవర్ అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి వాడే మందు. ముందు కాస్త ధైర్యం చెప్పే మాట. మామూలు ఇన్‌హేలర్‌లో ఒక పఫ్ సుమారు 100 మైక్రోగ్రాములు. నెబ్యులైజర్‌లో పెద్దవాళ్ళకు ఒకసారి పోసే మందు 2.5 లేదా 5 మిల్లీగ్రాములు, అంటే కాగితం మీద 25 లేదా 50 పఫ్‌ల లెక్క. అందులో చాలావరకు గాలిలోకే పోతుందనుకోండి. ఆయాసం తీవ్రంగా వచ్చినప్పుడు మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకు 4 నుంచి 10 పఫ్‌లు ఇవ్వమని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి కంగారులో రెండు పఫ్‌ల బదులు ఆరు కొట్టుకున్నంత మాత్రాన అది విషం అయిపోదు. పఫ్‌తో పోలిస్తే మింగే మాత్రలు, సిరప్పులతో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాటిలో ఉండేది మైక్రోగ్రాములు కాదు, మిల్లీగ్రాములు, అవి కడుపులోంచి రక్తంలోకి చేరి ఒళ్ళంతా పాకుతాయి.

ఈ మందు ఊపిరితిత్తుల్లోని గొట్టాల చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. ఈ మందు అంటుకుని పనిచేసే గ్రాహకాలు చేతుల కండరాల్లోనూ ఉంటాయి, కొన్ని గుండెలోనూ ఉంటాయి, అందుకే మామూలు డోసులోనే కొందరికి వేళ్ళు సన్నగా వణుకుతాయి, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. అరగంటా గంటలో అది తగ్గుముఖం పడితే దాన్ని మందు పనితీరుగానే చూడాలి.

హద్దు దాటిందని ఎలా తెలుస్తుంది? మనిషిని కూర్చోబెట్టి రెండు చేతులూ ముందుకు చాపమనండి. వేళ్ళు విప్పి, మీద ఒక పలుచని కాగితం పెట్టండి. మామూలు వణుకైతే కాగితం అంచు మాత్రమే అదురుతుంది. ఎక్కువైతే కాగితం నిలవదు, గ్లాసులో నీళ్ళు తొణుకుతాయి, చొక్కా బొత్తాం పెట్టుకోలేరు. తర్వాత మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళతో నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. పెద్దవాళ్ళలో విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మామూలు. కదలకుండా కూర్చున్నా 120 దాటి అక్కడే నిలిచిపోతే, అది మందు వల్లా ఆయాసం వల్లా అని తేల్చే పని మీది కాదు. రెండింటికీ మందు ఆసుపత్రిలోనే ఉంది. పిల్లల్లో నాడి ఎలాగూ ఎక్కువే ఉంటుంది, ఈ అంకె వాళ్ళకు వాడకండి.

కంటికి కనిపించని మార్పులు మరో రెండున్నాయి. ఒకటి పొటాషియం. సాల్బుటమాల్ ఎక్కువైనప్పుడు రక్తంలోని పొటాషియం కణాల్లోకి జారిపోతుంది, రక్తపరీక్షలో లీటరుకు 3.5 మిల్లీమోల్స్ కంటే కిందికి దిగుతుంది. ఒంట్లోంచి బయటికి పోలేదు, చోటు మారింది అంతే, కానీ గుండె లయ తప్పడానికి అది చాలు. కాళ్ళు చేతులు బలం లేనట్టు వేలాడటం, కండరాలు పట్టేయడం దీని గుర్తులు. నీరు పోయే మాత్రలు, స్టెరాయిడ్లు, థియోఫిలిన్ కూడా వాడుతున్నవాళ్ళలో ఇది ఇంకా త్వరగా పడిపోతుంది. దీంతోపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది, డయాబెటిస్ ఉన్నవాళ్ళు గ్లూకోమీటర్‌లో అంకె చూసి ఉలిక్కిపడేది అందుకే.

రెండోది లాక్టిక్ ఆమ్లం పెరగడం. ఇది తెలియక డాక్టర్ల దగ్గర కూడా పొరపాట్లు జరుగుతుంటాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రిలీవర్ మోతాదు బాగా ఎక్కువైతే కొందరిలో రక్తంలో లాక్టేట్ పేరుకుంటుంది, ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి శరీరం ఊపిరిని ఇంకా వేగంగా, ఇంకా లోతుగా లాగుతుంది. చూసేవాళ్ళకు ఆయాసం తగ్గలేదనిపిస్తుంది, మళ్ళీ నెబ్యులైజర్ పెడతారు, లాక్టేట్ మళ్ళీ పెరుగుతుంది. దీన్ని పట్టించే ఆనవాలు చెవికి దొరుకుతుంది: పిల్లికూతలు తగ్గాయి, ఆక్సిజన్ అంకె బాగుంది, మనిషి గొంతు కూడా తేరుకుంది, అయినా ఊపిరి వేగం మాత్రం పెరుగుతోంది. ఇలా ఉంటే "ఇప్పటిదాకా ఇన్నిసార్లు నెబ్యులైజర్ పెట్టాం, లాక్టేట్ చూస్తారా" అని ఆసుపత్రిలో అడగడంలో తప్పేమీ లేదు. ఒక జాగ్రత్త: పిల్లికూతలు ఆగిపోయి, మనిషి నీరసించి, ఛాతీలో ఏ చప్పుడూ వినిపించకపోతే అది బాగుపడటం కాదు, గాలి అసలు లోపలికి పోవడం లేదని అర్థం. ఈ రెండింటికీ తేడా ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి.

మందు ఎక్కువైందేమో అనే భయంతో ఆయాసం మధ్యలో ఇన్‌హేలర్ లాగేసి దాచిపెట్టే ఇళ్ళు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. ఊపిరి ఆడని మనిషికి ఇన్‌హేలర్ వల్ల వచ్చే ముప్పు కంటే అది లేకపోవడం వల్ల వచ్చే ముప్పే ఎక్కువ. అంబులెన్స్ వచ్చేదాకా డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ప్రకారం పఫ్‌లు ఇస్తూ, ఎన్ని ఇచ్చారో రాస్తూ ఉండండి.

సాల్మెటరాల్, ఫార్మోటెరాల్ లాంటివి ఇదే కుటుంబం, లక్షణాలూ ఇవే, కాకపోతే ప్రభావం 12 గంటల దాకా ఉంటుంది కాబట్టి దడ కూడా అంతసేపు వదలదు. ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్‌నే రిలీవర్‌గా కూడా వాడమని చెప్పినవాళ్ళకు రోజు మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 12 ఏళ్ళు దాటినవాళ్ళకు 160/4.5 రకంలో (పీల్పుకు బుడెసొనైడ్ 160, ఫార్మోటెరాల్ 4.5 మైక్రోగ్రాములు) అది మొత్తం 12 పీల్పులు. అంతదాకా వెళ్ళాల్సి వచ్చిందంటేనే ఆ రోజు డాక్టర్‌ని కలవాలని అర్థం.

మెట్టు 3: థియోఫిలిన్ అయితే ఎక్కువ జాగ్రత్త

నన్నడిగితే ఆస్తమా మందుల్లో నిజంగా భయపడాల్సింది దీనికే. పనిచేసే డోసుకూ విషమయ్యే డోసుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలన్నది పాత లెక్క, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 5 నుంచి 15 మధ్య ఉంచడానికే చూస్తారు. 20 దాటాక విషలక్షణాలు మొదలవుతాయి, కొందరిలో అంతకంటే ముందే. పైగా మట్టం ఎక్కువయ్యేకొద్దీ కాలేయం దాన్ని అదే వేగంతో వదిలించలేదు, కాబట్టి డోసు కొంచెమే పెంచినా రక్తంలో అంకె చాలా పైకి ఎగబాకుతుంది.

దీని మొదటి మాట దాదాపు ఎప్పుడూ కడుపే చెబుతుంది. వికారం, పొట్టలో నొప్పి, ఆ తర్వాత వాంతులు. మామూలు వాంతి మాత్రకు ఒక పట్టాన లొంగవు. వాటితో పాటు నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఒకచోట కూర్చోలేకపోవడం, తలనొప్పి, వణుకు, దడ. ఆపైన బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం, ఫిట్స్. కాఫీలోని కెఫీన్, థియోఫిలిన్ ఒకే జాతికి చెందినవి కాబట్టి తొలిదశ లక్షణాలు అతిగా కాఫీ తాగినట్టే ఉంటాయి, దాంతో చాలామంది పట్టించుకోరు.

ఒకేసారి ఎక్కువ మింగడం ఒక రకం, రోజూ వేసుకునే డోసే మెల్లగా పేరుకుపోవడం ఇంకో రకం. రెండోదే ఎక్కువ దొంగది. ఉదాహరణకు గుండె బలహీనత ఉన్న ఒక పెద్దాయన ఏళ్ళుగా అదే మాత్ర అదే డోసులో వేసుకుంటున్నాడు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఎవరో సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు. రెండుమూడు రోజులకు అన్నం సహించడం లేదంటాడు, కడుపులో తిప్పుతోందంటాడు, రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లుతాడు, పొద్దున గ్లాసు అందుకుంటే చెయ్యి వణికి నీళ్ళు ఒలికిపోతాయి. ఇంట్లోవాళ్ళు యాంటీబయాటిక్ పడలేదనుకుంటారు. జరిగింది వేరు: ఆ యాంటీబయాటిక్, థియోఫిలిన్‌ని కరిగించే కాలేయ ఎంజైమ్‌ని అడ్డుకుంది. ఇలా పేరుకున్నవాళ్ళలో అంకె మరీ ఎక్కువ లేకపోయినా ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి వాంతులు కూడా లేకుండా ఫిట్సే మొదటి లక్షణం అవుతాయి. ఒకేసారి ఎక్కువ మింగినవాళ్ళలో పొటాషియం పడిపోవడం కనిపిస్తుంది, కానీ పేరుకున్న రకంలో అది నార్మల్‌గానే ఉండొచ్చు, కాబట్టి ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

థియోఫిలిన్ మట్టాన్ని పెంచేవి చాలానే ఉన్నాయి. మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, సిమెటిడిన్, ఫ్లువోక్సమిన్, గర్భనిరోధక మాత్రలు. జబ్బుల్లో కాలేయ వ్యాధి, గుండె వైఫల్యం, జ్వరంతో కూడిన వైరల్ ఇన్‌ఫెక్షన్లు. ఎవరూ ఊహించనిది ఇంకొకటి ఉంది, సిగరెట్ మానేయడం. పొగలోని రసాయనాలు ఆ ఎంజైమ్‌ని ఉరుకులు పెట్టిస్తాయి, సిగరెట్ తాగేవాళ్ళలో ఈ మందు సగం అయిపోవడానికి 4, 5 గంటలు చాలు, తాగనివాళ్ళలో సుమారు 8 గంటలు పడుతుంది. పొగ తాగేటప్పుడు సరిపోయిన డోసే మానేశాక ఎక్కువైపోతుంది. దీనికి కారణం పొగ, నికోటిన్ కాదు, కాబట్టి నికోటిన్ ప్యాచ్ అంటించుకున్నా తేడా రాదు. మానేయడం చాలా మంచి పని, మానేసే ముందు డాక్టర్‌కి ఒక మాట చెప్పి డోసు సరిచేయించుకోండి, అంతే.

అమైనోఫిలిన్ అంటే ఒంట్లోకి వెళ్ళాక థియోఫిలినే. డాక్సోఫిలిన్‌ కాస్త నయమని చెబుతారు గానీ, ఎక్కువ మింగితే ఫిట్స్, గుండె లయ ఇబ్బందులు దీంతోనూ వస్తాయి.

మెట్టు 4: మిగతా మందులు

ఆస్తమాకు రోజూ వేసుకునే మాంటెలుకాస్ట్ మాత్ర ఒక్కసారి ఎక్కువ మింగితే చాలావరకు కడుపునొప్పి, దాహం, తలనొప్పి, నిద్రమత్తు లేదా పిల్లల్లో అతి చలాకీతనం, అంతటితో పోతుంది. దీని అసలు గొడవ ఓవర్‌డోసు కాదు. మామూలు డోసులోనే కొందరికి పీడకలలు, కోపం, దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తాయి, 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఒక పూట రెండింతలు వేసుకుంటే నిద్ర రాదు, చక్కెర పెరుగుతుంది, పెద్దగా ఇంకేమీ కాదు. నెలల తరబడి సాగితే ముఖం ఉబ్బి గుండ్రమవడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, బీపీ, షుగర్, ఎముకలు గుల్లబారడం వస్తాయి. అయితే ఇవి చూసి భయపడి ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. మూడు వారాలకు మించి వాడినవాళ్ళలో అడ్రినల్ గ్రంథి పని మానేసి ఉండొచ్చు, అప్పుడు హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం.

ఇప్రాట్రోపియం, టియోట్రోపియం అనే పీల్చే మందులు ఎక్కువైతే నోరు పిడచకట్టుకుపోతుంది, మూత్రం సరిగ్గా రాదు, చూపు మసకబారుతుంది. నెబ్యులైజర్ మాస్క్ వదులుగా ఉంటే ఆ పొగమంచు ఒక కంటిలోకి పోయి ఆ కంటిపాప ఒక్కటే పెద్దదవుతుంది. అద్దంలో చూసి పక్షవాతం అని కంగారుపడతారు. మాస్క్ లీక్ అవుతోందని డాక్టర్‌కి చెబితే సగం పరీక్షలు తప్పుతాయి. అదే కన్ను ఎర్రబడి నొప్పి పుడితే మాత్రం గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) కావచ్చు, ఆ రోజే చూపించాలి.

మెట్టు 5: ఇంట్లో చేయాల్సినవి, చేయకూడనివి

మనిషి స్పృహలో ఉంటే ఆనుకుని కూర్చోబెట్టండి, మందు మళ్ళీ ఇవ్వకండి. ఆయాసానికి రిలీవర్ మాత్రం మినహాయింపు, అది పైన చెప్పిందే. ఎమర్జెన్సీ నంబర్‌కో విష సమాచార కేంద్రానికో ఫోన్ చేసి వయసు, బరువు, మందు, టైము చెప్పండి.

ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేళ్ళు పెట్టి కక్కించడం వద్దు. థియోఫిలిన్ మింగిన మనిషికి కక్కించే మధ్యలో ఫిట్స్ వస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. దడ తగ్గాలని ఇంట్లో ఎవరికో రాసిన ప్రొప్రానొలాల్ మాత్ర వేయడం అన్నిటికంటే ఘోరం, ఆస్తమా ఉన్నవాళ్ళలో అది శ్వాసగొట్టాలను బిగించేస్తుంది, రిలీవర్‌ని కూడా పనిచేయనివ్వదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, టైము చూడండి. నోట్లో ఏమీ పెట్టకండి, కదలకుండా గట్టిగా అదిమి పట్టకండి.

కావాలని మింగిన సందర్భమైతే తిట్లు, నిలదీతలు తర్వాత. ఒంటరిగా వదలకండి, ఎన్ని మాత్రలో మెల్లగా అడగండి. డాక్టర్ దగ్గర పరువు కోసం "పొరపాటున రెండు వేసుకుంది" అని అబద్ధం చెబితే చికిత్స కూడా రెండు మాత్రలకే జరుగుతుంది.

మెట్టు 6: ఆసుపత్రిలో ఏం జరుగుతుంది

ఈసీజీ, పొటాషియం, చక్కెర, అవసరమైతే లాక్టేట్. థియోఫిలిన్ అయితే రక్తంలో దాని మట్టం, అదీ ఒక్కసారి కాదు, కొన్ని గంటలకొకసారి. నెమ్మదిగా కరిగే మాత్రల్లో మొదటి రిపోర్టు తక్కువగా వచ్చి తర్వాతది రెట్టింపు కావచ్చు కాబట్టి "నార్మల్ వచ్చిందిగా, ఇంటికి పంపండి" అని ఒత్తిడి చేయకండి. యాక్టివేటెడ్ చార్‌కోల్ (మందును పట్టుకుని ఉంచే బొగ్గు పొడి) పలుమార్లు తాగిస్తారు, వాంతులు ఆగకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఫిట్స్‌కి డయాజెపామ్ కుటుంబం మందులు ఇస్తారు, ఫిట్స్‌కి మామూలుగా వాడే ఫెనిటోయిన్ ఇక్కడ పనిచేయదు. అంకె బాగా పైకి పోయినా, ఫిట్స్ వచ్చినా డయాలసిస్ చేస్తారు, థియోఫిలిన్ దాంతో బాగానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగున్నాయి కదా డయాలసిస్ ఎందుకని వాదించకండి, అది కిడ్నీల కోసం కాదు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏ మందు ఎప్పుడు, ఏ డోసుతో మళ్ళీ మొదలుపెట్టాలో రాయించుకోండి. రిలీవర్ ఎక్కువ వాడటం వల్లే వచ్చినవాళ్ళయితే, గత ఏడాదిలో ఎన్ని ఇన్‌హేలర్లు ఖాళీ అయ్యాయో కూడా చెప్పండి. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు లేదా అంతకు మించితే తీవ్రమైన అటాక్‌ల ముప్పు ఎక్కువ, పన్నెండుకు చేరితే ప్రాణాపాయం ముప్పు ఎక్కువ. అక్కడ మార్చాల్సింది రోజువారీ కంట్రోలర్ (ఆస్తమాను అదుపులో ఉంచే) మందు, రిలీవర్ పఫ్‌ల లెక్క తగ్గించుకుని ఓర్చుకోవడం కాదు. 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు సాల్బుటమాల్ ఒక్కటే వాడుతూ నెట్టుకురావడాన్ని సిఫారసు చేయడం మానేశాయి. మీ చీటీలో అదొక్కటే ఉంటే అదే అపాయింట్‌మెంట్‌లో పీల్చే స్టెరాయిడ్ గురించి అడగండి.